శ్రీ కుందకుందాచార్యులు: నేలలో ప్రాణమును చూచిన మహాముని

దిగంబర జైనులు ఏ శుభకార్యము నారంభించినను మొదట మహావీర స్వామిని, పిదప గౌతమ గణధరుని, ఆ వెంటనే కుందకుందాచార్యులను తలచుకొందురు. తీర్థంకరుని తరువాత, గణధరుని తరువాత, మూడవ స్థానము ఒక దాక్షిణాత్య మునికి దక్కినది. అందులోను ఆ ముని తెలుగునేలపై పుట్టినవాడని పెద్దలు చెప్పుదురు. ఇది మనకెల్లరకును గర్వకారణమే. అయినను ఆ మహనీయుని పేరు తెలిసినంతగా ఆయన బోధ మనకు తెలియదు. ముఖ్యముగా నేల, నీరు, నిప్పు, గాలి, చెట్టు అను వీనిని గురించి ఆయన చెప్పినది, బంగారు గనుల ప్రక్కన బ్రతుకుచున్న కోలారు ప్రాంతపు తెలుగువారు తప్పక తెలిసికొనదగినది. అందులకే ఈ చిన్న ప్రయత్నము.

జన్మస్థలము

అనంతపురము జిల్లాలో గుంతకల్లు సమీపమున కొనకొండ్ల అను గ్రామము కలదు. పాత శాసనములలో దీని పేరు కొండకుందె. ఊరి పేరే ఆచార్యులకు పేరైనది. ఆ పేరు సంస్కృత పండితుల నోట కుందకుందమైనది. గ్రామము చెంతనున్న రససిద్ధుల గుట్టపై నేటికిని జైన విగ్రహములు కానవచ్చును. నాళికబ్బె అను శ్రావిక, స్వర్గస్థుడైన తన భర్త జ్ఞాపకార్థము, కొండకుందె తీర్థమున చట్ట జినాలయమును కట్టించినట్లు 1081వ సంవత్సరపు శాసనము చెప్పుచున్నది. అనగా తొమ్మిది వందల యేండ్లకు పూర్వమే ఈ యూరు యాత్రాస్థలమై యుండెను. శాసన పరిశోధకులైన పి. బి. దేశాయిగారు దక్షిణదేశపు జైనమతమును గూర్చి 1957లో ప్రకటించిన గ్రంథమున ఈ స్థలమును విపులముగా వర్ణించిరి.

కొనకొండ్లకు పొరుగుననే వజ్రకరూరు ఉన్నది. తొలకరి వానలు పడగానే దూరప్రాంతముల జనులు సైతము అక్కడి పొలములకు వచ్చి, వంగిన నడుముతో వజ్రములకై వెదకుట ప్రతి యేటను జరుగుచున్న విషయమే. భూమి గర్భమున ధనము దాగిన సీమలో పుట్టిన మహాముని, ఆ ధనమును గాక, దానిని మోయుచున్న భూమిని చూచెను. ఈ వ్యత్యాసమును పాఠకులు మనసున నుంచుకొందురు గాక.

జీవితము

ఆచార్యులు ఏ కాలమువారు అను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. సంప్రదాయము ఆయనను క్రీస్తుశకము తొలినాళ్లవారని చెప్పును. ఆచార్య చక్రవర్తిగారును, ఉపాధ్యేగారును ఇంచుమించు ఈ యభిప్రాయమునే సమర్థించిరి. మరికొందరు ఆయనను అనేక శతాబ్దముల తరువాతికి దించిరి. పట్టావళి లెక్క ప్రకారము ఆయన 11వ యేట ఇల్లు విడిచి దీక్ష గైకొనిరి. 33 ఏండ్లు సామాన్య మునిగా తపస్సు, స్వాధ్యాయము చేసి, 44వ యేట ఆచార్య పదవి నధిష్ఠించి, 50 ఏండ్లకు పైగా సంఘమును నడిపి, 95 ఏండ్లు నిండిన పిదప దేహము చాలించిరి. దీక్షానామము పద్మనంది. తాను భద్రబాహుస్వామి శిష్యుడనని ఆయన తమ గ్రంథముననే వినయముతో చెప్పుకొనిరి.

విజయనగరమున రెండవ హరిహరరాయల దండనాథుడు ఇరుగప్ప కట్టించిన జినాలయము ఎదుట ఒక దీపస్తంభమున్నది. ఆ యాలయమునే నేడు హంపిలో గాణిగిత్తి గుడి యందురు. 1386 ప్రాంతమునాటి ఆ స్తంభ శాసనమున ఆచార్యులకు అయిదు పేర్లు చెప్పబడినవి: పద్మనంది, కుందకుందుడు, వక్రగ్రీవుడు, ఏలాచార్యుడు, గృధ్రపింఛుడు. ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క కథ కలదు. ఎడతెగని గ్రంథపఠనముచే మెడ వంగిపోయినందున వక్రగ్రీవుడనిరట. ఏలాచార్య నామము తమిళదేశమున, వందవాసి చెంతనున్న పొన్నూరు కొండపై నేటికిని నిలిచియున్నది. అక్కడ ఆయన పాదముద్రలను భక్తులు పూజించుచున్నారు.

గృధ్రపింఛుడను పేరుకు గల కథ మనోహరమైనది. ఒకప్పుడు ఆచార్యులకు తత్త్వవిషయమున సందేహము కలిగెనట. దానిని తీర్చుకొనుటకై ఆకాశమార్గమున విదేహక్షేత్రమునకు పోయి, అక్కడ సీమంధర స్వామి సమవసరణమున కూర్చుండి దివ్యోపదేశము వినిరి. పోవు దారిలో ఆయన నెమలిపింఛము జారిపోయెను. దిగంబర మునికి పింఛము లేక అడుగు సాగదు. కూర్చుండుటకు ముందు, పుస్తకము పట్టుటకు ముందు, అక్కడి చీమను, పురుగును నొప్పింపక తొలగించుటకు అదే సాధనము. కావున దొరికిన గ్రద్ద ఈకలతో పని గడుపుకొనిరి. కథలోని విదేహయాత్రను ఎవరెట్లు గ్రహించినను ఒక మాట మాత్రము స్పష్టము. తీర్థంకరుని చూడబోవు తొందరలో సైతము, ఒక చీమ ప్రాణమును మరచుటకు ఆ మునికి అనుమతి లేదు.

ఆయన పూర్వజన్మను గూర్చిన కథ మరియొకటి పుణ్యాస్రవ కథలలో కలదు. దక్షిణదేశమున కురుమరై అను గ్రామమున కరముండుడను వైశ్యుడును, ఆయన భార్య శ్రీమతియు నుండిరి. వారి పశువులను మతివరణుడను గొల్లపిల్లవాడు కాయుచుండెను. ఒకనాడతడు అడవికి పోయి చూడగా అడవియంతయు కార్చిచ్చున బూడిదయై యుండెను. నడుమ కొన్ని చెట్లు మాత్రము పచ్చగా నిలిచియుండెను. వింతపడి దగ్గరకు పోగా, అది యొక ముని నివసించిన చోటని తెలిసినది. అక్కడ ఒక పెట్టెలో ఆగమ గ్రంథములు కనబడెను. చదువురాని ఆ పిల్లవాడు, ఈ గ్రంథముల మహిమచేతనే చెట్లు కాలకుండినవని నమ్మి, వానిని ఇంటికి తెచ్చి నిత్యము పూజించెను. కొంత కాలమునకు ఒక ముని భిక్షకు వచ్చెను. యజమాని ఆహారము దానమిచ్చెను. పిల్లవాడు ఆ గ్రంథములను దానమిచ్చెను. ఆ పుణ్యముచే అతడు మరుజన్మమున ఆ దంపతులకే కుమారుడై పుట్టి కుందకుందుడయ్యెనని కథ. జ్ఞానమున్న చోట పచ్చదనము నిలుచునని, అజ్ఞానమున్న చోట అడవి కాలునని, మన పూర్వులు పిల్లలకు ఇంత సులభముగా చెప్పిరి.

గ్రంథములు

ఆచార్యులు శౌరసేనీ ప్రాకృతమున వ్రాసిరి. పంచాస్తికాయము, ప్రవచనసారము, సమయసారము, నియమసారము, అష్టపాహుడములు, బారస అణువేక్ఖ అనునవి వానిలో ముఖ్యములు. మొదటి మూడింటిని ప్రాభృతత్రయమందురు. పదవ శతాబ్దమున అమృతచంద్రసూరియు, తరువాత జయసేనాచార్యులును వీనికి వ్యాఖ్యలు రచించిరి. సమయసారము ఆత్మను గూర్చినది. ప్రవచనసారము జ్ఞానమును, జ్ఞేయమును, మునిచర్యను గూర్చినది. పంచాస్తికాయము ఈ లోకము దేనితో ఏర్పడినదో చెప్పునది. ప్రకృతిని గూర్చి తెలిసికొనదలచినవారు దీనితోనే మొదలుపెట్టవలెను.

లోకము ఎవడో ఒకడు కట్టిపెట్టిన బొమ్మరిల్లు కాదని ఆచార్యుల సిద్ధాంతము. జీవము, పుద్గలము, ధర్మము, అధర్మము, ఆకాశము అను అయిదు అస్తికాయములును, వీనితోపాటు కాలమును ఎల్లప్పుడు ఉన్నవి. ఇక్కడ ధర్మమనగా పుణ్యము కాదు, చలనమునకు సాయపడు ద్రవ్యము. చేప ఈదుటకు నీరు సాయపడును గాని, చేపను నెట్టదు. అట్లే ధర్మద్రవ్యము కదలుదానికి తోడ్పడును. నేల నిలుచుదానికి ఆధారమైనట్లు అధర్మద్రవ్యము నిలుకడకు తోడ్పడును. అనగా ఈ లోకమున ఏదియు ఒంటరిగా లేదు, ప్రతిదియు మరియొకదాని ఆసరాతో నున్నది. తరువాతి కాలమున ఉమాస్వామి, జీవులు ఒండొరులకు ఉపకారము చేసికొనుటయే వాని స్వభావమని సూత్రీకరించుటకు ఈ చూపే పునాది.

ఇక జీవులు. ఆచార్యులు వానిని ఇంద్రియముల సంఖ్యనుబట్టి విభజించిరి. నేల, నీరు, నిప్పు, గాలి, చెట్టు అను అయిదింటిని శరీరముగా ధరించిన జీవులకు స్పర్శ యొక్కటే కలదు. శంఖము, నత్త, కాళ్లులేని పురుగులు రెండింద్రియములు గలవి. చీమ, నల్లి, పేను, తేలు మూడు గలవి. దోమ, తేనెటీగ, సీతాకోకచిలుక నాలుగు గలవి. మనుష్యులు, నీటను, నేలను, నింగిని తిరుగు పెద్ద జంతువులు అయిదు గలవి.

నేలకు ప్రాణమున్నదనిన ఎవరైనను సందేహింతురు. కదలదు, పలుకదు, ఏడ్వదు. ఈ సందేహమునకు ఆచార్యులు ఇచ్చిన సమాధానము వంటిది మరియొకచోట కానరాదు. గ్రుడ్డులో పెరుగుచున్న పిల్లను, తల్లి కడుపులోని శిశువును, మూర్ఛపోయిన మనుష్యుని చూడుడనిరి. వారు కదలరు, పలుకరు. అయినను వారికి ప్రాణము లేదని ఎవరును అనరు. ఏకేంద్రియ జీవులును అట్టివే. మూర్ఛపోయినవాడు బాధను చెప్పుకొనలేడు గనుక వానిని కొట్టవచ్చునా? చెప్పుకొనలేనిదాని విషయమున మనకు మరింత జాగ్రత్త కావలెను. ఆచార్యుల ప్రకృతిచింతన అంతయు ఈ ఒక్క మాటలో నున్నదని చెప్పవచ్చును.

అట్లయిన నేల త్రవ్వరాదా, నీరు త్రాగరాదా, వంట వండరాదా? ఆచార్యులు గృహస్థునకు అట్టి అసాధ్యమైన నియమము పెట్టలేదు. హింస చేతిలో కంటె మనసులో ముందు పుట్టునని ప్రవచనసారమున బోధించిరి. అజాగ్రత్తగా నడచువానికి, జీవి చచ్చినను చావకున్నను, హింసాదోషము తప్పదు. జాగ్రత్తతో నడచువానికి, పొరపాటున ప్రాణి నలిగినను, బంధము లేదు. కావున ముని పగటివేళ నాలుగు మూరల ముందు నేలను చూచుచు నడువవలెనని నియమసారమున విధించిరి. గృహస్థునకు చారిత్రపాహుడమున అణువ్రతములు చెప్పిరి. అందు అయిదవ వ్రతము మనకు మిక్కిలి ముఖ్యము. ధనధాన్యములకు మాత్రమే గాక, తలపెట్టు పనులకును ఒక పరిమితి పెట్టుకొనవలెనని దాని భావము. ఎంత దాచుకొందును అనుటకే గాక, ఎంతవరకు త్రవ్వుదును, ఎంతవరకు నరకుదును, ఎంతవరకు తోడుదును అనుటకును హద్దు ఉండవలెను.

బంగారము మాట

సమయసారము చదివినవారికి ఒక వింత తోచును. సర్వము త్యజించిన ఈ ముని మాటిమాటికి బంగారమునే ఉపమానముగా తెచ్చును. బురదలో పడిన బంగారము చెడదు, ఇనుము త్రుప్పు పట్టును. జ్ఞాని సంసారమున నుండియు అంటుపడడు, అజ్ఞాని అంటుపడునని దాని తాత్పర్యము. నిప్పులో కాగినను బంగారము తన బంగారుతనమును విడువదు. జ్ఞానియు కష్టములలో తన జ్ఞానమును విడువడు. అన్నిటికంటె గొప్పది సంకెల ఉపమానము. ఇనుప సంకెల కట్టినట్లే బంగారు సంకెలయు కట్టును. పాపము మాత్రమే గాక పుణ్యమును బంధమేయని చెప్పుటకు ఆయన దీనిని వాడిరి.

మనలో ఎందరో బంగారు వర్తకము, కుదువ వ్యాపారము చేసి బ్రతుకుచున్నారు. ఆ వృత్తిని నిందించుట ఈ వ్యాసకర్త ఉద్దేశము కాదు. అయినను మన శాస్త్రములు బంగారమును ఎక్కడ చేర్చినవో తెలిసికొనవలెను. శ్వేతాంబరుల ఉత్తరాధ్యయన సూత్రమునను, దిగంబరుల మూలాచారమునను పృథ్వీకాయ జీవుల పట్టికలున్నవి. మట్టి, ఇసుక, రాయి, ఉప్పు, ఇనుము, రాగి, సీసము, వెండి మొదలగువానితోపాటు బంగారమును, వజ్రమును అందు చేర్చబడినవి. భూమిలో తన చోట నున్నంతవరకు అది జీవము గల శరీరము. ఆయుధము తగిలి వెలికివచ్చిన పిదప నిర్జీవము. మనము తూకమువేయు బంగారము ఒక ప్రాణి విడిచిన దేహమని భావించిన, త్రాసు పట్టిన చేయి తప్పక ఒక క్షణము ఆగును.

కోలారు సంబంధము

కుందకుందుని పేరిట ఏర్పడిన కొండకుందాన్వయము కన్నడ, తెలుగు, తమిళ దేశములయందు వ్యాపించినది. కోలారునకు ఈ సంప్రదాయముతో పాత సంబంధమున్నది. పశ్చిమ గంగరాజుల తొలి రాజధాని కువలాలపురము, అనగా నేటి కోలారు. తలకాడునకు రాజధాని మారిన తరువాతను ఆ వంశపురాజులు కువలాలపురాధీశ్వరులమనియే చెప్పుకొనిరి. 1121వ సంవత్సరపు కల్లూరుగుడ్డ శాసనమున ఈ రాజ్యము పుట్టిన కథ కలదు. దడిగుడు, మాధవుడు అను అన్నదమ్ములు దిక్కులేక గంగపేరూరునకు వచ్చిరి. ఆ పేరూరు మన కడప సీమలోనిది. అక్కడ సింహనంది ఆచార్యులు వారిని చేరదీసి, విద్యలు నేర్పి, నందగిరి కోటగా, కువలాలము నగరముగా, జినేంద్రుడు దైవముగా వారికి రాజ్యము కల్పించిరి. తన చేతి నెమలిపింఛమునే వారికి పతాకముగా నిచ్చిరి. మాట తప్పినను, మధుమాంసములకు మరగినను, అడిగినవారికి పెట్టకున్నను మీ వంశము నశించునని హెచ్చరించిరి.

గంగరాజు అవినీతుని పేరిట, క్రీ. శ. 466 నాటిదిగా చెప్పబడు మడికేరి తామ్రశాసనమున కొండకుందాన్వయపు మునుల పేర్లు కలవు. అది తరువాతి కాలమున వ్రాయబడినదని పెక్కుమంది పండితుల మతము. ఏది యెట్లున్నను, గంగరాజుల నాటి జైనసంఘమున కుందకుందుని పేరు వెలసినదనుట నిజము. ఏ పింఛము చీమను నొప్పింపక ప్రక్కకు తొలగించునో, ఆ పింఛము ఒకప్పుడు ఈ కోలారు కోటపై జెండాయై యెగిరినదని శాసనకథ చెప్పుచున్నది. ఈ సంగతి మన పిల్లలలో ఎందరికి తెలియును?

ఆ జెండా ఎగిరిన నేలలోనే తరువాతి కాలమున ప్రపంచప్రసిద్ధమైన గనులు త్రవ్వబడినవి. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఈ ప్రాంతమును సర్వే చేయుచు, మారికుప్పము, ఉరిగాము గ్రామస్థులు మన్ను కడిగి బంగారము తీయుట చూచెను. 1870 దశకమున లావెల్ అను మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వమునుండి త్రవ్వకమునకు అనుమతి పొందెను. 1880 తరువాత జాన్ టేలర్ కంపెనీ చేతిలో గనులు పెరిగినవి. 1902లో శివనసముద్రమునుండి విద్యుత్తు వచ్చినది. గనులకును, కార్మికుల యిండ్లకును పాలారు మీది బేతమంగళ జలాశయమునుండి నీరు తెచ్చిరి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. అంత లోతున రాయియే చేయి పెట్టలేనంత వేడి. రాతిపొర హఠాత్తుగా ప్రేలుట, రాతిపొడి ఊపిరితిత్తులలో చేరుట కార్మికులకు నిత్యగండములు. తెలుగు, తమిళ గ్రామములనుండి పొట్టకూటికై వచ్చిన వేలాది పేదలు ఆ చీకటిలో పనిచేసిరి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ గనులను మూసివేసిరి. 120 ఏండ్లలో ఇక్కడినుండి వెలికివచ్చిన బంగారము 800 టన్నులకు పైమాట.

ఆ బంగారము ఎక్కడెక్కడికో పోయినది. ఇక్కడ మిగిలినవి 13 పెద్ద దిబ్బలు. రాయిని పొడిచేసి, సైనైడు నీటితో బంగారమును కరగదీసిన పిదప పారబోసిన పొడి అది. సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులుండును. గాలి వీచు నెలలలో ఆ పొడి లేచి ఇండ్లలో, అన్నములో, పసిపిల్లల కండ్లలో పడును. లెక్క వేసిచూచిన, ఒక గ్రాము బంగారమునకు 40 కిలోల పొడి మిగిలినది. తులమునకు నాలుగు క్వింటాళ్లకు పైగా నగును. పెండ్లికూతురు మెడలో పది తులముల నగ పెట్టినప్పుడు, ఎక్కడో ఒక వాకిట నలుబది క్వింటాళ్ల బూడిద రంగు పొడి పోసియున్నదని మనకు తోచదు. తోచునట్లు చేయుటయే విద్య.

జైన గృహస్థులు మానవలసిన పదునైదు వృత్తులను ఉపాసకదశాంగము పేర్కొన్నది. 12వ శతాబ్దమున హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున వానిని వివరించిరి. నేలను పగులగొట్టి జీవించుట, అడవి నరకి జీవించుట, అడవికి నిప్పు పెట్టుట, విషము నమ్ముట, చెరువులు కుంటలు ఎండగట్టుట అందులోనివి. ఈ పట్టికను చదివి కోలారు జిల్లాను చూచిన ఒళ్లు గగుర్పొడుచును. జీవనదులు లేని ఈ జిల్లాలో పూర్వులు వేలకొలది చెరువులు కట్టించిరి. చెరువు కట్టినవారికి భూములిచ్చిన శాసనములు ఇక్కడ పెక్కులు కలవు. ఆ చెరువులు పూడిపోయినవి. బోరుబావులు వేయి అడుగులు దాటినవి. లోతునుండి వచ్చు నీటిలో ఫ్లోరైడు వచ్చి పండ్లను, ఎముకలను పాడుచేసినది. చివరకు 2018 నుండి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపుచున్నారు. ఒకనాడు తన చెరువులతో బ్రతికిన సీమ నేడు పరనగరము వాడి విడిచిన నీటికై చేయి చాపవలసివచ్చినది.

పిల్లలకు ఏమి నేర్పవలెను

1972లో స్టాక్‌హోమ్ మహాసభ జరిగిన తరువాత లోకమంతట పర్యావరణ విద్యను గూర్చి చర్చ మొదలైనది. మన దేశమున 1991లో సుప్రీంకోర్టు, అన్ని తరగతులలోను ఈ పాఠము తప్పనిసరిగా నుండవలెనని చెప్పినది. 1990లో లక్ష్మీమల్ సింఘ్వీగారు ప్రకృతిని గూర్చిన జైనుల ప్రకటనను రచించగా, దానిని లండనులో ఫిలిప్ రాకుమారునికి సమర్పించిరి. ఇవి యన్నియు మంచివే. అయినను పాఠ్యపుస్తకము నిర్వచనములను మాత్రము నేర్పుచున్నది. పరీక్ష ముగిసిన మరునాడు పిల్లవాడు దానిని మరచుచున్నాడు.

ఇక్కడ ఆచార్యులే మనకు దారి చూపిరి. పరభాష మాటలాడువానికి అతని భాషలో చెప్పనిదే ఏ విషయమును ఎట్లు బోధపడదో, అట్లే వ్యవహారముతో మొదలుపెట్టనిదే పరమార్థము బోధపడదని సమయసారమున ఆయన తెలిపిరి. కనుక పిల్లవానికి వాని యింటి భాషలో, వాని కంటి ఎదుటి వస్తువుతో పాఠము చెప్పవలెను. ఎక్కడో ఉత్తరధ్రువమున కరగు మంచును చెప్పుటకు ముందు, వాకిటిలోని దిబ్బను చూపవలెను.

మన సంఘము నడుపు ఆదివార పాఠములలో ఇట్టివి మూడు చేర్చవచ్చును. మొదటిది దిబ్బ పాఠము. పిల్లలను దూరమునుండి దిబ్బను చూపి, పై లెక్కను వారిచేతనే వేయించవలెను. తల్లి మెడలోని నగకు ఎన్ని బస్తాల పొడియో వారే చెప్పుదురు. రెండవది చెరువు పాఠము. వాన వెలిసిన తరువాత చెరువుగట్టుపై కూర్చుండి, పంచాస్తికాయపు వరుసలో జీవులను లెక్కించవలెను: ఒక యింద్రియముగల నీరు, నాచు, రెండుగల నత్త, మూడుగల చీమ, నాలుగుగల తేనెటీగ, అయిదుగల చేప, కొంగ. ప్రాణిని పట్టరాదు, త్రొక్కరాదు, చూచి వ్రాసికొనవలెను. ఆధునిక జీవశాస్త్రపు విభజన వేరు. అదియు నేర్పవలసినదే. అయినను ఏ ప్రాణికి బాధ ఎంతవరకు తెలియునో యని అడుగుట ఆచార్యుల విభజనలోని విశేషము. మూడవది ఇంటి పాఠము. నీళ్లలోనో, దీపములోనో, బట్టలలోనో ఏదో ఒకదానికి ఒక నెల పరిమితి పెట్టుకొని, దానిని పాటించి, లెక్క వ్రాయవలెను. పనిలేక నేల త్రవ్వుట, నీరు పారబోయుట, నిప్పు రగుల్చుట, చెట్టు విరుచుట అనర్థదండమని సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున చెప్పిరి. ఆ నాలుగు మాటలను గోడపై వ్రాసియుంచిన చాలును.

ఇది పిల్లల విషయము మాత్రమే కాదు. ఆ 13 దిబ్బలలో మిగిలియున్న బంగారమును తీయుటకు కేంద్రము చేసిన ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది. దానివలన పట్టణమునకు మరల పని దొరకునని ఆశించువారు కలరు, అది న్యాయమైన ఆశయే. 2001 తరువాత తెల్లవారుజాముననే బెంగళూరు రైలెక్కి కూలికి పోవుచున్న యింటివారి బాధను ఎవరు కాదనగలరు? అయినను రెండవమారు త్రవ్వుటకు ముందు ఆచార్యుల ప్రశ్నలను మనము అడుగవలెను. ఈ పనికి హద్దు ఎక్కడ? పొడి ఎక్కడికి పోవును, నీరు ఎక్కడనుండి వచ్చును? పని ముగిసిన పిదప నేలను ఎట్లు అప్పగింతురు? నోరులేనిదాని పక్షమున ఎవరు మాటలాడుదురు? బంగారముతో జీవించు మన సంఘమే ఈ ప్రశ్నలను మొదట అడిగిన, దానికి విలువ ఎక్కువ.

కుందకుందాచార్యులు ఏ రాజు కొలువునను ఉండలేదు. ఏ ఆస్తియు విడిచిపోలేదు. ఒక పింఛము, ఒక కమండలువు, కొన్ని తాటాకులు ఆయన సంపద. కాని నేలకు ప్రాణమున్నదని, ఆ ప్రాణము చెప్పుకొనలేనిదని, చెప్పుకొనలేనివారి యెడలనే మన ధర్మము పరీక్షింపబడునని చెప్పి ఆయన మనకు పెద్ద ఋణము మిగిల్చిరి. కోలారు నేల మూర్ఛపోయిన మనుష్యునివలె మన ముందు పడియున్నది. దానికి ఊపిరి ఉన్నది. కొనకొండ్లకు యాత్ర పోవుట మంచిదే, పొన్నూరు కొండనెక్కుట మంచిదే. వానితోపాటు ఈ వర్షాకాలమున మన వీథికి చేరువలోని ఒక చెరువుగట్టును బాగుచేసి, ఒక దిబ్బ అంచున నాలుగు మొక్కలు నిలిపిన, ఆ మహామునికి అదియే నిజమైన పూజ యగును.